తలలో దాచుకొచ్చిన మిల్లు

ఉద్యోగం మారినప్పుడు ల్యాప్‌టాప్ తిరిగిచ్చేశాను. కానీ తలలో ఉన్న కోడ్ సంగతి? అమెరికాలోని రోడ్ ఐలాండ్ దశ తిప్పింది అలాంటి తలకాయే!

మసాచుసెట్స్ వెలివేసిన రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. ఈ రాష్ట్రానికి అదే పునాది. 1789లో 21 ఏళ్ల శామ్యూల్ స్లేటర్ ఇంగ్లండ్‌లో ఓడెక్కాడు. నూలు యంత్రాల గుట్టు దేశం దాటించడం అక్కడ నేరం. అందుకే డిజైన్లన్నీ బుర్రకెక్కించుకుని వచ్చేశాడు. 1790లో పాటకెట్‌లో నది నీటి బలంతో నూలు వడికించాడు. అమెరికా మిల్లుల కాలం అలా మొదలైంది.

అయితే అక్కడ తొలి పనివాళ్లు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు! 1824లో జీతాలు కోసి, పని గంటలు పెంచితే అదే ఊళ్లో ఆడవాళ్లు మగ్గాలాపి సమ్మెకు దిగారు.

స్లేటర్ హీరోనా, దొంగా? నాకైతే ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు.