మాట ఎవరిది? - 12వ తరగతిలో ఒక ఏడాది బ్రిటిష్ సాహిత్యం

అమెరికాలో చదువుతున్న మన పిల్లల గురించి మాట వస్తే లెక్కలు, సైన్సు, కంప్యూటర్ల దగ్గరే ఆగిపోతాం. ఇంగ్లిషు తరగతిలో వాళ్లు ఏం చదువుతారని అడిగేవారు తక్కువ. అక్కడ దేశమంతటికీ ఒకే సిలబస్ ఉండదు. అయినా చాలా హైస్కూళ్లలో 11వ తరగతిలో అమెరికన్ సాహిత్యం, ఆఖరిదైన 12లో బ్రిటిష్ సాహిత్యం చెబుతారు. మా మనవరాలు న్యూజెర్సీలో ఆ 12 ముగించే రోజుల్లో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. 32 ఏళ్లు ఇంగ్లిషు మాస్టారుగా చేసినవాణ్ణి, ఊరకే కూర్చోలేక తన పుస్తకాలు తిరగేశాను.

జూన్ మొదటి వారంలో ఏడాది పాఠాల పునశ్చరణ మొదలైంది. టీచరు ఇచ్చిన కాగితం మీద ఉన్నవి రెండే ప్రశ్నలు. ప్రతి రచనలోనూ మాట్లాడుతున్నది ఎవరు? ఏ వాక్యాన్ని బట్టి అలా అంటున్నావు? సారాంశం రాయమనలేదు, రచయిత పుట్టిన తేదీ అడగలేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో పద్యమైనా గద్యమైనా ఒకటే మాట: ‘ఇక్కడ కవి ఏమంటున్నాడంటే...’ గైడులోనూ అదే ఉండేది, జవాబు పత్రాల్లోనూ అదే తిరిగొచ్చేది. అన్నది కవేనా అని ఏ పిల్లవాడూ అడగలేదు. అడిగే చోటు నేను ఇవ్వలేదు.

వరుస ‘బియోవుల్ఫ్’తో మొదలవుతుంది. 3182 పాదాల వీరగాథ. వెయ్యేళ్ల నాటి ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది. 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. ఆ ఇంగ్లిషు ఇవాళ ఇంగ్లిషువాళ్లకే అర్థం కాదు గనక అనువాదంలో చదువుతారు. తరువాత చాసర్ ‘కాంటర్బరీ కథలు’. యాత్రకు బయలుదేరిన జనం దారి పొడవునా తలా ఒక కథ చెబుతారు. ఎవరి కథలో వాళ్ల బుద్ధి బయటపడుతుంది. చాసర్ తనను కూడా యాత్రికుల్లో ఒకడిగా పెట్టుకుని, తన పాత్రకు అన్నింటికన్నా నాసి కథ ఇచ్చాడు. వినలేక మధ్యలోనే ఆపించేస్తారు! అందులోని వైద్యుడు చదివిన గ్రంథకర్తల జాబితాలో అర్ రాజీ, ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ ఉన్నారు. 1400లో చనిపోయిన ఇంగ్లిషు కవికి ఆ పేర్లు అంత పరిచయం.

‘మాక్బెత్’ గురించి మీకు చెప్పనక్కరలేదు. మంత్రగత్తెలు పెద్ద అబద్ధమేమీ చెప్పరు, విన్నవాడు తనకు కావలసినట్టు వింటాడు, అంతే. మిల్టన్‌ను రెండు వారాల్లో దాటేశారట. మా మనవరాలికి ఆ బాధేమీ లేదు, నాకుంది.

తను తడబడింది స్విఫ్ట్ దగ్గర. 1729లో డబ్లిన్‌లో పేరు లేకుండా వచ్చిన చిన్న పుస్తకం ‘ఎ మాడెస్ట్ ప్రపోజల్’. ఐర్లండ్‌లో పేదల పిల్లలు దేశానికి భారమయ్యారు, దానికి నా దగ్గర ఉపాయం ఉంది అంటూ ఒక పెద్దమనిషి మొదలుపెడతాడు. మాట మర్యాదగా ఉంటుంది, లెక్క పక్కాగా ఉంటుంది. ఏటా పుట్టే పేద పిల్లలు 1,20,000. వాళ్లలో 20,000 మందిని ముందు తరం కోసం ఉంచుకుని, తక్కిన లక్ష మందిని ఏడాది నిండగానే ధనికుల భోజనానికి అమ్మాలి. పెంపకానికి ఖర్చు 2 షిల్లింగులు, అమ్మితే వచ్చేది 10. ఇందులో తనకు స్వలాభమేమీ లేదని, తన ఆఖరి బిడ్డకు తొమ్మిదేళ్లు నిండాయని చివర్లో విన్నవించుకుంటాడు కూడా.

మా పిల్ల దాన్ని ఉన్నదున్నట్టుగా నమ్మి, ఈ రచయిత రాక్షసుడని మూడు పేజీలు రాసింది. మార్కులు తక్కువ వచ్చాయి. టీచరు పక్కన రాసింది ఒక్కటే: ‘మాట్లాడుతున్నది ఎవరు?’ రెండోసారి చదివినప్పుడు ఒక చోట ఆగింది. ఆ పెద్దమనిషి ఇంకేవో ఉపాయాలు ఏకరువు పెట్టి, వాటి మాట నా దగ్గర ఎత్తొద్దంటాడు. ఊళ్లో ఉండకుండా కౌలు తినే భూస్వాముల మీద పన్ను వేయడం, స్వదేశీ సరుకే వాడడం వంటివి. స్విఫ్ట్ నిజంగా అడుగుతున్నవి అవే. అప్పటికే ఎన్నోసార్లు అడిగి, ఎవరూ వినక విసిగిపోయి, పేదలను అంకెలుగా చూసేవాళ్ల గొంతుతోనే మాట్లాడాడు.

స్విఫ్ట్ జీవితం గురించి రెండు సంగతులు నేను చెప్పాను. డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ చర్చి పెద్దగా ఉన్నప్పుడు, తన సొమ్ములో కొంత తీసి పక్కనపెట్టి, పేద పనివాళ్లకు వడ్డీ లేకుండా చిన్న చిన్న అప్పులిచ్చేవాడు. గడువు తేదీ తప్పితే మాత్రం ఊరుకునేవాడు కాదు. మన ఖర్జె హసనా వంటిదే కదా నానా అంది. 1745లో చనిపోతూ మిగిలిన ఆస్తిని మతిస్థిమితం లేనివారి ఆసుపత్రికి రాసిచ్చాడు. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తరువాత ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తనకు సులువైంది. మేరీ షెల్లీ దాన్ని 18 ఏళ్లకు మొదలుపెట్టింది, 1818లో అచ్చయ్యేనాటికి ఆమెకు 20. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ వికృత ప్రాణి పేరనుకుంటారు చాలామంది. అది దాన్ని తయారుచేసినవాడి పేరు, ఆ ప్రాణికి పేరే లేదు. నవలలో ఒకరి మాటలో ఇంకొకరి మాట ఇమిడి ఉంటుంది. ఓడలో వెళ్తున్నవాడి ఉత్తరాలు, అందులో విక్టర్ చెప్పిన కథ, దాని లోపల ఆ ప్రాణి చెప్పుకున్న కథ. సఫీ అనే ఒక తుర్కీ వర్తకుడి కూతురికి పక్క ఇంట్లో ఫ్రెంచి నేర్పుతుంటే, గోడ సందులోంచి వింటూ ఈ ప్రాణి కూడా భాష నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక అది మాట్లాడితే మనకు జాలి పుడుతుంది. అంతవరకు విక్టర్ చెప్పినదే నమ్ముతూ వచ్చాం.

చివరికి ఆర్వెల్. 1903లో మన బీహార్‌లోని మోతీహారీలో పుట్టినవాడు. బర్మాలో పోలీసు అధికారిగా చేసిన అనుభవం మీద 1936లో ‘షూటింగ్ ఎన్ ఎలిఫెంట్’ రాశాడు. చుట్టూ జనం చూస్తున్నారని, నవ్వులపాలు కాకూడదని, చంపనక్కరలేని ఏనుగును చంపిన అధికారి తనే తన సంగతి చెప్పుకుంటాడు.

ఆఖరి పరీక్షలో ఏడాది మొత్తంలో తనను మార్చిన రచన గురించి రాయాలి. తను స్విఫ్ట్‌నే ఎంచుకుంది. మొదటి మూడు పేజీల తప్పును కూడా దాచకుండా రాసింది.

నేను ఇండియాకు బయలుదేరే ముందు రోజు, నా సంచిలోంచి మన నిరుటి సంచిక తీసి చూసింది. అందులో నోటు పుస్తకాలు అందుకుంటున్న ఒక కుర్రాడి ఫొటో ఉంది. దాని కింద ‘దాతల దయతో ఈ బాలుడి జీవితంలో వెలుగు’ అని ఉంది. పక్క పేజీలో తలకు ఎంత ఖర్చయిందో పట్టిక.

"నానా, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?" అని అడిగింది.

ఫొటో కింద ఆ మాట రాసింది నేనే. ఆ కుర్రాడి పేరు కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు. పట్టిక వేసింది కూడా నేనే, అందులో ఒక్క అంకె తప్పు లేదు.