గ్రాఫిక్స్‌ కార్డు కొనేముందు ఒక్క పరీక్ష

గేమ్‌ మొదలెట్టగానే పీసీ ఫ్యాన్లు మోత మోగిస్తున్నాయా? సరిగ్గా శత్రువు ఎదురుపడ్డప్పుడే స్క్రీన్‌ ఆగి ఆగి కదులుతోందా? వెంటనే మన చూపు గ్రాఫిక్స్‌ కార్డుల మీదకే వెళ్తుంది. నేనూ అంతే. బీటెక్‌ మూడో ఏడాదిలో ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకి అమ్మ చీటీ డబ్బులు కలిపి కార్డు కొనేశా. బిగించాక చూస్తే గేమ్‌ మునుపటిలాగే తడబడుతోంది. అసలు రోగం పాత ప్రాసెసర్‌లో ఉంది. ‘బాగా ఆడుతోందా నాన్నా?’ అని అమ్మ అడిగితే, ‘సూపర్‌’ అని అబద్ధం చెప్పా.

అందుకే డబ్బులు తీసేముందు ఒక్క పరీక్ష చేయండి. పైసా ఖర్చుండదు. ఇబ్బంది పెడుతున్న గేమ్‌లో రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగాయంటే కార్డు చాలట్లేదని. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసరో, ర్యామో వెనకబడిందని.

మొన్న మా పిన్ని కొడుకు పీసీకి ఇదే చేశాం. 2018లో అసెంబుల్‌ చేయించింది. రైజెన్‌ 5 1600, బీ350 బోర్డు, 8 జీబీ ర్యామ్‌ ఒకే స్టిక్‌, జీటీఎక్స్‌ 1050 టీఐ, పాత హార్డ్‌డిస్క్‌. చేతిలో ఉన్నది 20 వేలు. ‘మొత్తం మార్చేయాలన్నారన్నా’ అని దిగులుగా వచ్చాడు. వాడు ఆడేది ఎక్కువగా వాలరంట్‌. 720పీకి తగ్గించినా ఫ్రేములు కదల్లేదు.

ఆ బోర్డుది ఏఎం4 సాకెట్‌. బయోస్‌ అప్‌డేట్‌ చేస్తే 2022లో వచ్చిన రైజెన్‌ 5 5600ని కూడా తీసుకుంటుంది. మీ బోర్డు సంగతి తయారీ కంపెనీ సైట్‌లోని సీపీయూ సపోర్ట్‌ లిస్ట్‌లో చూసుకోండి. పాత ప్రాసెసర్‌ ఉండగానే అప్‌డేట్‌ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోవచ్చు, యూపీఎస్‌ లేకుండా ముట్టుకోవద్దు. ఇంటెల్‌ వాళ్లకి ఇంకో చిక్కు: సాకెట్‌ పేరు 1151 ఒకటే అయినా 6, 7 తరాల బోర్డుల్లో 8వ తరం ప్రాసెసర్‌ పనిచేయదు.

సెకండ్‌ హ్యాండ్‌ 5600, ఇంకో 8 జీబీ స్టిక్‌, ఒక సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాం. రెండు స్టిక్‌లుంటే ర్యామ్‌ డ్యూయల్‌ ఛానెల్‌లో నడుస్తుంది, ప్రాసెసర్‌కి డేటా వేగంగా అందుతుంది. ఎస్‌ఎస్‌డీతో ఫ్రేములు పెరుగుతాయని ఆశపడకండి, లోడింగ్‌ మాత్రం చకచకా అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. విండోస్‌ 10 సపోర్ట్‌ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 1600 ప్రాసెసర్‌ విండోస్‌ 11 జాబితాలో లేదు, 5600 ఉంది. వాడు ఖాళీగా ఉన్నప్పుడు వీడియో ఎడిటింగ్‌ నేర్చుకుంటున్నాడు, దానికీ ఆరు కొత్త కోర్లు పనికొచ్చాయి.

పాత పార్టుల కోసం సికింద్రాబాద్‌ సీటీసీకి వెళ్తే మొహమాటపడకండి. పావుగంట గేమ్‌ నడిపి చూపించమనండి. సీరియల్‌ నంబరున్న బిల్లు అడగండి, వారంటీ మిగిలుంటే అదే ఆధారం.

అందరూ మర్చిపోయేది ఎస్‌ఎంపీఎస్‌. 1050 టీఐ 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఆర్‌ఎక్స్‌ 6600కి వెళ్తే 132 వాట్లు, దానికి విడిగా 8 పిన్‌ల కేబుల్‌, 450 వాట్ల మంచి సప్లై కావాలి. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన డబ్బా సప్లై మీద పేరుకి 450 అని రాసి ఉన్నా, దాన్ని నమ్మి కొత్త కార్డు పెట్టకండి.

అందుకే తమ్ముడి దగ్గర మిగిలిన డబ్బులకి ఇంకొంచెం వేసి ఎస్‌ఎంపీఎస్‌ కొనిపించా. కార్డు సంగతి దసరాకి చూద్దామన్నాడు.