ముందు చెవులు, తర్వాతే కళ్ళు

బైనాక్యులర్స్ మెడలో వేసుకుని మొదటిసారి హైదరాబాద్ కేబీఆర్ పార్కుకి వెళ్తే చాలామందికి జరిగేది ఒకటే. గంటసేపు పైకి చూసి చూసి మెడ పట్టేస్తుంది. కనబడేది మాత్రం రెండు నెమళ్ళు, నాలుగు కాకులు!

తప్పు మన కళ్ళది కాదు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ చోటు ఊరి మధ్యలో ఉన్న సుమారు 390 ఎకరాల అడవి. చెరువులో కొంగ ఎదురుగానే నిలబడుతుంది. అడవిలో పిట్ట ఆకుల వెనకాల ఉంటుంది. అందుకని ఇక్కడ ముందు వినాలి.

ఒకచోట ఆగి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. రేకు మీద ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు "టుక్... టుక్... టుక్" వినిపిస్తే అది కంసాలి పిట్ట. మనవాళ్ళు పేరు పెట్టింది ఆ చప్పుడు వినే. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుట ఎర్ర బొట్టు, పిచ్చుక కన్నా కాస్త పెద్దది. తల అటూ ఇటూ తిప్పుతూ అరుస్తుంది కాబట్టి ఎటునుంచో పట్టుకోవడం కష్టం. పొద్దున్నే ఆకుల్లేని పైకొమ్మల్ని వెతకండి, ఎండ కాచుకుంటూ దొరుకుతుంది.

కింద పొదల్లోంచి "బుప్ బుప్" అని బరువైన గొంతు వస్తే జెముడుకాకి. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు. ఇక "కుహూ" అనేది ఎవరో తెలుసుగా? మనం కోయిలమ్మ అంటాం గానీ, ఆ పాట మగపక్షిది.

ఇలా విని వెతకడం అలవాటైతే ఇంకోటి కూడా తెలుస్తుంది. కంసాలి పిట్ట పుల్లలతో గూడు కట్టదు. ఎండిన కొమ్మని ముక్కుతో తొలిచి తొర్ర చేసుకుంటుంది. గుడ్లు అందులోనే, రాత్రి నిద్రా అందులోనే. చిలకలకీ గోరింకలకీ కావలసింది కూడా తొర్రలే. మనం "నీట్‌గా ఉంటుంది" అని నరికించే ఎండుకొమ్మ ఒక్కోసారి ఒక కుటుంబం ఇల్లు.

దారి మీదకి వాలిన కొమ్మని కొట్టక తప్పదు, అది మన ప్రాణానికి సంబంధించింది. ఎవరికీ అడ్డం లేనిదాన్ని ఉండనివ్వొచ్చు. కొట్టించే ముందు దానికి గుండ్రటి కన్నం ఏమైనా ఉందా అని పది నిమిషాలు చూడొచ్చు.

దీనికి కేబీఆర్ దాకా వెళ్ళక్కర్లేదు. ఏటా ఫిబ్రవరిలో దేశమంతా క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన కాలేజీ కూడా లెక్కపెట్టి పంపొచ్చు. గొంతు గుర్తుపట్టడానికి ఫోన్లో మెర్లిన్ యాప్ ఉంది. పిట్టని పిలవడానికి మాత్రం రికార్డింగులు పెట్టకండి. పాపం, పోటీకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని కంగారుపడుతుంది.

రేపు పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేటప్పుడు ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ తీసి నడవండి. "టుక్ టుక్" వినబడితే చెప్పండి, కలిసి వెతుకుదాం.