బండి పెట్రోలు ఎక్కువ తాగుతోందా? మార్చే ముందు కొలుద్దాం

మన సొసైటీ లెక్కల్లో ఫీజులు, మందుల తరువాత తప్పక కనిపించే పద్దు రోగులను తీసుకెళ్లే వ్యానుది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు ఆసుపత్రికి సుమారు 50 కిలోమీటర్లు. వానాకాలంలో కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్లక తప్పదు. దాతలు ఇచ్చిన ప్రతి రూపాయీ మా చేతిలో అమానతు. అది సైలెన్సర్ గొట్టంలోంచి నల్లపొగై పోతుంటే కారణం తెలుసుకోవడం మా బాధ్యత. మీలో చాలామందికి సొంత కార్లున్నాయి కనుక, మేము తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

రిచ్ అంటే ఏమిటి?

హరికేన్ లాంతరు వత్తిని అవసరానికి మించి పెంచితే వెలుగు పెరగదు, చిమ్నీ మసిబారుతుంది. నూనె ఎక్కువ, దానికి తగిన గాలి లేదు. ఇంజిన్‌లోనూ అంతే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకన్నా తగ్గినా, పెట్రోలు పెరిగినా ఆ మిశ్రమాన్ని మెకానిక్కులు ‘రిచ్’ అంటారు.

దీనివల్ల నష్టం మైలేజీతో ఆగదు. ప్లగ్గులు మసి పడతాయి. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. పొగను శుద్ధిచేసే కన్వర్టర్ అతిగా వేడెక్కి పాడవుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. సైలెన్సర్ లీకై ఆ వాయువు వ్యానులోకి చేరితే, ఊపిరాడక పడుకున్న రోగికే మొదటి ప్రమాదం. అందుకే తలుపులు మూసిన షెడ్డులో ఏ ఇంజిన్‌నూ నడపకూడదు.

ముందు జబ్బు అదేనా?

పొగ రంగు చూడాలి. నలుపైతే పెట్రోలు ఎక్కువైనట్టు. నీలం రంగైతే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి. ప్లగ్గు విప్పితే పొడి మసి కనిపించడం రిచ్‌కు గుర్తు. ఆయిల్ పుల్ల తీసి వాసన చూస్తే పెట్రోలు సంగతి తెలుస్తుంది.

పొల్యూషన్ పరీక్షను కాగితం కోసం చేయించే తతంగంగా చూడకూడదు. ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ బి.ఎస్.2, 3 పెట్రోలు కార్లకు 0.5 శాతం, బి.ఎస్.4 కార్లకు 0.3 శాతం దాటకూడదు. ఆ చీటీ మీది అంకె పోయినసారి ఎంత, ఈసారి ఎంత అని పోల్చి చూస్తే జబ్బు ముందుగానే పట్టుబడుతుంది.

ఈమధ్య ప్రతి దోషాన్నీ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మీదికి నెడుతున్నారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక ఆ పెట్రోలుకు గాలి తక్కువ సరిపోతుంది, కిలోకు సుమారు 13.5 కిలోలు. కాబట్టి దానివల్ల మిశ్రమం పల్చబడే అవకాశమే ఉంది. మైలేజీ కొంత తగ్గవచ్చు గాని, నల్లపొగకు కారణం వేరేచోట వెతకాలి.

ఎప్పుడు వస్తోంది?

వైద్యుడు ‘జ్వరం ఏ వేళ వస్తోంది?’ అని అడిగినట్టే ఇక్కడా అడగాలి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గుతుంటే ఇంజెక్టర్ కారుతోందేమో, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. ప్రెషర్ రెగ్యులేటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు తీసి చూసినప్పుడు అందులో పెట్రోలు తడి ఉంటే లోపలి పొర చిరిగినట్టే. అన్ని వేగాల్లోనూ రిచ్‌గా ఉంటే పెట్రోలు ప్రెషర్‌ను గేజీతో కొలిపించాలి. ఇంజిన్ వేడెక్కినా తగ్గకపోతే కూలెంట్ సెన్సర్‌ను, తెరుచుకుని బిగిసిపోయిన థర్మోస్టాట్‌ను అనుమానించాలి.

పాత కార్బురేటర్ బండ్లలో చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఫ్లోట్ లెవెల్ పెరగడం, ఎయిర్ ఫిల్టర్ పూడిపోవడం సాధారణ కారణాలు. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్ల మీద వడ్లు ఆరబోసే మన ప్రాంతంలో ఫిల్టర్‌ను తరచు చూడాలి. ఇంజెక్షన్ బండ్లలో వచ్చే గాలిని కంప్యూటర్ కొలుచుకుంటుంది కనుక, ఫిల్టర్ పూడితే ఎక్కువగా పికప్ తగ్గుతుంది. నల్లపొగకు అదొక్కటే కారణమని అక్కడితో ఆగిపోకూడదు.

థర్మామీటర్ చేసిన తప్పేమిటి?

స్కానర్‌లో ‘పి0172’ అని వస్తే మిశ్రమం రిచ్‌గా ఉందని మాత్రమే అర్థం. ఫలానా భాగం మార్చమని అది చెప్పదు. అయినా వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చే అలవాటు చాలాచోట్ల ఉంది. జ్వరం చూపించిందని థర్మామీటర్‌ను పారేసినట్టు!

మామూలు ఆక్సిజన్ సెన్సర్ రిచ్‌గా ఉంటే 0.9 వోల్టుల దగ్గర, పల్చగా ఉంటే 0.1 దగ్గర చూపుతుంది. ఇంజిన్ నడుస్తుండగా చిన్న వాక్యూమ్ పైపు తీసి కొంచెం గాలి లోపలికి వదిలితే అంకె చప్పున కిందికి పడాలి, పైపు పెట్టగానే లేవాలి. అలా స్పందిస్తే సెన్సర్ బతికే ఉంది. అయితే దానికి ముందున్న సైలెన్సర్ జాయింటు లీకైతే బయటిగాలి చేరి, మిశ్రమం పల్చగా ఉన్నట్టు తప్పుగా చూపుతుంది. కంప్యూటర్ అది నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఇక్కడ బాగుచేయాల్సింది జాయింటును.

మన వ్యాను సంగతి

మన వ్యానుకు నల్లపొగ మొదలైనప్పుడు ఒక షెడ్డులో ప్లగ్గులు, మరోచోట ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. కొద్ది రోజులకే ప్లగ్గులు మళ్లీ నల్లబడ్డాయి. మూడోచోట పనిచేసేది మా పూర్వ విద్యార్థి, పదో తరగతితో చదువు ఆపిన కుర్రాడు. ఏదీ విప్పకుండా ముందు స్కానర్ పెట్టాడు. రేడియేటర్ పై పైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. స్కానర్‌లో మాత్రం కూలెంట్ వేడి 30 డిగ్రీల దగ్గరే ఉంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనపు పెట్రోలు పోస్తోందన్నమాట.

తరువాత సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టాడు. చాలా బండ్లలో ఈ సెన్సర్ నిరోధం చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల ప్రాంతం. వేడి ఇంజిన్‌కు ఉండాల్సిన అంకే వచ్చింది. “సెన్సర్ కొనకండి మాస్టారూ, అది బాగానే ఉందండి” అన్నాడు. చిలుము పట్టింది కనెక్టర్ పిన్నుకి. నీళ్లలో తిరిగిన బండి కదా! చిలుము వల్ల నిరోధం పెరిగింది, పెరిగిన నిరోధాన్ని కంప్యూటర్ చల్లదనంగా చదువుకుంది. పిన్నులు శుభ్రం చేయగానే పొగ ఆగింది.

ఆ కుర్రాడి చేతిలో ఖరీదైన పనిముట్లేమీ లేవు. ఒక చిన్న స్కానర్, ఒక మీటరు, ముందు ఏది చూడాలో తెలిసిన వరుస, అంతే. మన కుటుంబాల పిల్లలు ఎందరో షెడ్లలో పని నేర్చుకుంటున్నారు. స్పానరు పట్టడం వాళ్లకు త్వరగానే వస్తుంది. కొలిచి, ఆలోచించి చెప్పడం ఎవరైనా నేర్పితేనే వస్తుంది. వాళ్లకు మీటరు, స్కానర్ కొనిపెట్టి, వాటిని చదవడం నేర్పించడం కూడా మంచి విద్యాదానమేనని మా అభిప్రాయం.

ఇకనుంచి వ్యాను పుస్తకంలో ప్రతి కొత్త భాగం బిల్లు పక్కన రెండు గళ్లు పెడుతున్నాం: మార్చకముందు కొలత, మార్చిన తరువాత కొలత. ఆ గళ్లు ఖాళీగా ఉన్న బిల్లును చెల్లింపుకు పంపం. పుస్తకం ఆఫీసులోనే ఉంటుంది, దాతలు ఎప్పుడు వచ్చినా చూడవచ్చు. మీ కారును షెడ్డుకు పంపినప్పుడు కూడా ‘ఏం మార్చారు?’ అనే ముందు ‘ఏం కొలిచారు?’ అని అడగండి.