రాగిరేకుపై చేతివృత్తులు

మన పూర్వులు వలందావారని పిలిచిన డచ్చివారి దేశమున, ఆంస్టర్‌డాం నగరమందు, 1694లో ఒక చిన్న పుస్తకము వెలువడినది. దాని పేరు ‘హెట్ మెన్సెలిక్ బెడ్రైఫ్’. అనగా మనుష్యుడు చేయు పని. అందు నూరు చిత్రములు, నూరు వృత్తులు. రొట్టెలు కాల్చువాడు, నేతగాడు, పీపాలు కట్టువాడు, గాజు ఊదువాడు, కళ్లజోళ్లు చేయువాడు అందరును అందున్నారు. ప్రతి చిత్రమునకును ఒక సూక్తి, కొన్ని పద్యపాదములు జతపడియున్నవి. చిత్రించినవారు యాన్ లైకెన్, ఆతని కుమారుడు కాస్పర్. పద్యములు తండ్రివి.

ఐరోపాలో వృత్తుల చిత్రములు అప్పటికి క్రొత్తవి కావు. 1568లోనే జర్మనీలో యోస్ట్ అమ్మాన్ గీసిన చిత్రములు కొయ్యపలకలపై అచ్చుపడగా, చెప్పులు కుట్టు వృత్తిలోని కవి హాన్స్ సాక్స్ వానికి పద్యములు కూర్చెను. అయినను లైకెన్ పుస్తకమున వేరొక విశేష మున్నది.

1649లో జన్మించిన లైకెన్ యౌవనమున ప్రణయగీతములు వ్రాసి 1671లో ప్రకటించెను. కొన్ని యేండ్లకే ఆతని మనస్సు దైవచింతనకు మరలినది. 1685లో వెలువడిన క్రైస్తవ మతవీరుల చరిత్రకు 104 చిత్రములు గీసెను. లోకము నశ్వరమని నమ్మిన ఇట్టివాడు లోకములోని పనిముట్లను అంత శ్రద్ధగా గీయుట యేల? ఆతనికి ప్రతి పనిముట్టును ఆత్మకొక సూచన. పనివాని శ్రమను చూపి, శాశ్వతమైన దానికై అట్లే శ్రమింపుమని పద్యము బోధించును. కాని నేడు ఆ పద్యములకొరకు పుస్తకము విప్పువారు తక్కువ. ఏ బల్ల ఎంత యెత్తున నుండెడిది, ఏ ఉలి నెట్లు పట్టెడివారు అని చేతిపనుల చరిత్రకారులు చిత్రములనే పరిశీలింతురు. కవి సాధనముగా నెంచినదే నిలిచినది!

ఆ నూరు వృత్తులలో చిత్రకారుని సొంత వృత్తియు కలదు. రాగిరేకుపై మైనము, గుగ్గిలము కలిపిన పూత పూసి, పొగ పట్టించి, సూదితో గీతలు గీయుదురు. గీచిన చోట రాగి బయటపడును. పిమ్మట ఆమ్లము పోయగా అది గీతలను మాత్రమే తినివేయును. ఆ గాళ్లలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితము పరచి, రెండు రోలర్ల నడుమ నొక్కుదురు. రేకుపై కుడివైపున నున్నది కాగితముపై ఎడమకు వచ్చును. పాత ముద్రణచిత్రములలో కొందరు పనివారు ఎడమచేత సుత్తి పట్టియుండుటకు తరచు ఇదియే కారణము. వారందరు ఎడమచేతివాటమువారు కారు.

వజ్రములు సానబట్టువాని చిత్రము తెలుగువారికి ప్రత్యేకముగా చూడదగినది. ఆనాటి ఆంస్టర్‌డాం కార్ఖానాలలో సానచక్రమును త్రిప్పు పెద్దచక్రమునకు మానవశక్తియే ఆధారము. పలుచోట్ల దానిని స్త్రీలు త్రిప్పెడివారు. బ్రెజిలులో వజ్రములు దొరకుటకు ముందటి కాలమది; ఐరోపాకు చేరు వజ్రములలో అధికభాగము భారతదేశమునుండియే వెళ్లెడిది. కృష్ణాతీరమందలి కొల్లూరు గనులు వానిలో ప్రసిద్ధములు. ఆ గనులలో మట్టి త్రవ్వి, కడిగి, రాళ్లేరిన కూలీలకు ఈ నూరింటిలో చోటు లేదు. ఆంస్టర్‌డాం వీధిలో కానవచ్చు పనివరకే చిత్రకారుని చూపు.

కాస్పర్ 1708లో తండ్రికంటె ముందే మరణించెను. వృద్ధుడైన లైకెన్ తన మనుమనికొరకు, పసితనమునుండి మరణమువరకు మానవజీవితపు దశలను చూపు చిత్రములతో మరియొక పుస్తకము సిద్ధపరచెను. బాలుర ఆటలుకూడ అందున్నవి. అది 1712లో వెలువడినది; ఆతడు కన్నుమూసిన సంవత్సరమును అదియే.