కాలవ గట్టు మీద ఫిడేలు పంచాయితీ

అరవై దాటినవాళ్లను నడవమని చెప్పని డాక్టరు ఉండడు. ఎంత జోరుగా నడవాలన్న దగ్గరే చిక్కు వస్తుంది. దానికి వైద్యులు చెప్పే తేలికైన కొలత ఒకటుంది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. పాడలేనప్పుడు పాట గురించి మాట్లాడుకోవచ్చు కదా! తెనాలి నుంచి చీరాల దాకా పల్లెదారుల్లో నడిచే పెద్దవాళ్లకు అలాంటి కబుర్లకు అనువైన విషయం ఫిడేలు విద్వాంసులు. ఎవరు గొప్పన్న వాదన ఓ పట్టాన తేలదు, పైగా ఎవరికీ నష్టం లేదు.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. తూలి పడకుండా ఒంటిని నిలదొక్కుకునే వ్యాయామాలు వారంలో మూడు రోజులు చేయడం మంచిదని కూడా చెబుతోంది. అందరి నోటా నలుగుతున్న ‘రోజుకు 10,000 అడుగులు’ మాత్రం వైద్యులు కట్టిన లెక్క కాదు. 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి పుట్టిన ప్రచారం అది. ఫోనులో అంకె తగ్గిందని బెంగపడాల్సిన పనిలేదు.

నడవడానికి ఈ ప్రాంతంలో దారులకు కొదవలేదు. తెనాలి, రేపల్లె వైపు కృష్ణా కాలవలు, వరి చేలు. కోతకు ముందే వరిలో మినుము, పెసర చల్లడం డెల్టా రైతుల పాత అలవాటు. అందుకే చలికాలంలో నడిచేవాళ్లకు వరి కోసిన మడుల్లోనే మళ్లీ పచ్చదనం కనబడుతుంది. బాపట్ల దాటి చీరాల వైపు వస్తే నేల మారిపోతుంది. ఇసుక నేలలు, తాటి తోపులు, సరుగుడు, జీడిమామిడి. ఇంకాస్త దక్షిణంగా పోతే మోటుపల్లి వస్తుంది. సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిస్తూ 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు శాసనం వేయించిన రేవు అది. చీరాల పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. నడిచి అలసినవాళ్లు పాత పత్రికలు తిరగేస్తూ కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. గాంధీజీ చేతికర్ర కూడా అక్కడ భద్రంగా ఉంది.

పల్లెటూరి నడకకూ కళల ముచ్చటకూ చుట్టరికం ఈ నేలకు కొత్త కాదు. తెనాలికి దగ్గర్లోని తుమ్మపూడిలో పుట్టిన సంజీవదేవ్ (1914–1999) యౌవనంలో హిమాలయాల్లో తిరిగాడు. తర్వాత సొంత ఊరికే వచ్చి, చేల మధ్య ఉంటూ చిత్రకళ గురించి, సౌందర్యం గురించి జీవితాంతం రాశాడు. కళ గురించి ఆలోచించడానికి పట్నవాసం అక్కర్లేదని ఆయన ఇల్లు చూసినవాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఇక ఫిడేలు. మన కచేరీల్లో అది లేని రోజు ఊహకందదు గానీ, వచ్చి రెండు శతాబ్దాలు దాటింది, అంతే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతానికి తెచ్చాడు. నిలబడి గడ్డం కింద ఇరికించుకునే వాద్యాన్ని మనవాళ్లు నేల మీద కూర్చోబెట్టారు. దాని తల కుడిపాదం మీద ఆనించారు, తంతుల్ని స–ప–స–పలకు శ్రుతి చేశారు. మెడ మీద భారం తగ్గి ఎడమచెయ్యి స్వేచ్ఛగా జారడంతో గమకం పలికింది.

తెలుగువాళ్ల వాదన ఎక్కడ మొదలైనా ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) దగ్గరికి రాక తప్పదు. బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయన 26 ఏళ్లకే విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడయ్యారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసు తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. గాయకుడి పక్కన కూర్చునే ఫిడేలును ఒంటరిగా కచేరీ నడిపే వాద్యంగా నిలబెట్టిన తొలితరంలో ఆయనది ముందు వరస. చూపు మందగించినా ఆయన నాదానికి లోటు రాలేదు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

ఆ రోజుల్లో ఆయనకు జోడీగా వినిపించే పేరు మైసూరు చౌడయ్య. మైకులు లేని కాలంలో నాదం చివరి వరస దాకా చేరాలని ఫిడేలుకు ఏడు తంతులు కట్టిన మనిషి. ఒకరిది పొడుగాటి కమాను, మెత్తని నాదం. మరొకరిది సభనంతా నింపే గంభీరమైన ధ్వని. మైకు వచ్చాక ఏడు తంతుల అవసరం తీరిపోయింది. ద్వారం వారి కమాను మాత్రం పాతబడలేదు. ఈ పంచాయితీలో తీర్పు విజయనగరం వైపే మొగ్గుతుంది.

తర్వాతి తరంలో ముగ్గురు. త్యాగరాజ శిష్యపరంపర నుంచి వచ్చిన లాల్గుడి జయరామన్ ఫిడేలుతో పాడించారు. ఎం.ఎస్.గోపాలకృష్ణన్ హిందుస్తానీ బాణీని కూడా వేళ్లకు ఎక్కించారు. టి.ఎన్.కృష్ణన్ తక్కువ స్వరాల్లో ఎక్కువ తీపి పలికించారు. ముగ్గురిలో ఎవరని అడిగితే తెలుగు శ్రోత చేతిలో ఇతరులకు లేని తూనిక ఒకటుంది. త్యాగరాజు సాహిత్యం మన భాష. కీర్తన తెలిసిన తెలుగువాడికి ఫిడేలులోనూ మాటలు వినబడతాయి. కమాను తిరిగే చోట పదం విరిగిందా, నిలిచిందా అన్నది అతని చెవి వెంటనే పట్టేస్తుంది. ఆ లెక్కన చూస్తే లాల్గుడికి పెద్దపీట వేయక తప్పదు.

అలాగని గొప్పతనమంతా తమిళనాట కావేరి గట్టుదేనని తేల్చడం అన్యాయం. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు అన్నవరపు రామస్వామి విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలు వాయించారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2021లో, 95 ఏళ్ల వయసులో. విజయనగరం నుంచి వెళ్లిన అవసరాల కన్యాకుమారి 2016లో సంగీత కళానిధి అయ్యారు. ఫిడేలు వాయించే మహిళకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

తీర్పు చెప్పే ముందు మన చెవినీ కాస్త అనుమానించాలి. వయసుతో ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి ధ్వనులు వినే శక్తి. ఫిడేలు నాదంలోని మెరుపంతా అక్కడే ఉంటుంది. పైగా ద్వారం వారి కాలపు 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. రాగాలాపన అందులో ఎక్కడ ఇముడుతుంది? పాత రికార్డు విని ‘నాదం మందంగా ఉంది’ అనేవాళ్లు తప్పు రికార్డుదా, తమ చెవిదా అని ఒకసారి ఆలోచించుకోవాలి. వినికిడి పరీక్ష చేయించుకుంటే సగం అనుమానం తీరుతుంది.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గట్టు మీద నడవడం మాత్రం వద్దు. వెనక వచ్చే ట్రాక్టరు వినబడదు. నడిచేటప్పుడు మాట, ఇంటికొచ్చాక పాట అని పెట్టుకుంటే మంచిది. త్యాగరాజ కీర్తన ఒకటి ఎంచుకుని ఇద్దరు విద్వాంసుల వాద్యంలో వరసగా వినండి. వాదన మర్నాటి నడకకు అట్టేపెట్టుకోండి.