పోర్చుగల్ నీటికుక్క

ఐరోపా ఖండమునకు నైరృతి మూలన పోర్చుగల్ దేశము కలదు. పడమటను, దక్షిణమునను దానికి అట్లాంటిక్ మహాసముద్రమే ఎల్ల. దక్షిణ తీరమునకు అల్గార్వ్ అని పేరు. అక్కడి జాలరులు తరతరములుగా ఒక జాతి కుక్కను పడవలలో వెంట గొనిపోవుచుండెడివారు. వారి భాషలో దానిని ‘కావ్ ద ఆగ్వా’ అందురు. నీటికుక్క అని దాని యర్థము. అలమార, పాదిరి వంటి మాటలు మనకు వచ్చినది ఆ భాషనుండియే. మన నదులలో చేపలను పట్టి తిను ఒక అడవిజంతువును గూడ తెలుగువారు నీటికుక్క యందురు గాని, ఇది యది కాదు; నిజముగా కుక్కయే.

పడవలో దానికి కాపలా ఒక్కటే పని కాదు. చేపలను వలవైపునకు తోలుట, నీటిలో పడిన త్రాటిని, తెగిపోయిన వలను నోట కరచి తెచ్చుట, పడవనుండి పడవకును ఒడ్డునకును వార్తలు చేరవేయుట, ఇవన్నియు అది ఈదుచు చేసెడిది. దాని శరీరము ఆ పనికి తగినట్లే యున్నది. వ్రేళ్ల నడుమ బాతు పాదములకువలె చర్మము కలదు. మగకుక్క భుజమునొద్ద 50 మొదలు 57 సెంటీమీటర్ల ఎత్తును, 19 మొదలు 25 కిలోగ్రాముల బరువును ఉండును. చాల కుక్కలకు పైని ముతక వెండ్రుకలు, అడుగున మెత్తని నూగు అని రెండు పొరలుండును. దీనికి ఒక్కటే పొర. ఆ వెండ్రుకలు ఉంగరములు తిరిగియో, అలలు అలలుగానో ఉండి, మనుష్యుని తలవెండ్రుకలవలె ఎడతెగక పెరుగును. జాలరులు ముందుభాగమున బొచ్చు నుంచి, నడుమునుండి వెనుకభాగమును, మూతిని గొరిగి, తోక చివర కుచ్చు విడిచెడివారు. చూచువారికి నవ్వు పుట్టించు ఈ వేషమునకు సింహపు కత్తిరింపు అని పేరు. రొమ్మునకు చలినీటినుండి కాపు, వెనుకకాళ్లకు ఈతలో తేలిక, దానికి చెప్పెడి కారణ మిది.

20వ శతాబ్దమున పడవలకు యంత్రములు వచ్చినవి. వార్తలకు రేడియో వచ్చినది. కుక్క చేసెడి పని పోయెను. పేద జాలరి పనిలేని కుక్కను ఎంతకాలము మేపగలడు? 1930 ప్రాంతమునకు ఈ జాతి మిక్కిలి అరుదయ్యెను. అప్పుడు వాస్కో బెన్సావుద్ అను ఓడల యజమాని మిగిలినవానిని వెదకి సంపాదించి పెంపకము ప్రారంభించెను. ఆయన సంపాదించిన లియావ్ అను కుక్క ఈనాటి జాతికి మూలపురుషుడు. ఆ పేరునకు సింహమని యర్థము. 1968లో డియాన్ మిల్లర్ అను ఆమె ఈ జాతిని అమెరికాకు తెప్పించెను. 1972లో ఆ దేశమున వీని సంఖ్య 12 మాత్రమే. 2009లో అధ్యక్షుడు బరాక్ ఒబామా కుటుంబమునకు ‘బో’ అను నీటికుక్క వచ్చి శ్వేతభవనమున చేరుటతో లోకమంతయు దీని పేరు వినెను.

కొద్దిపాటి కుక్కలనుండియే వంశమంతయు పెరిగినందున కొంత కీడును కలిగినది. చూపును క్రమముగా హరించు నేత్రవ్యాధి యొకటి, పసికూనలను కొలది నెలలలోపే హఠాత్తుగా చంపు హృద్రోగ మొకటి ఈ జాతిలో వంశపారంపర్యముగా వచ్చుచున్నవి. దోషమును తల్లినుండియో తండ్రినుండియో ఒక్క వైపుననే పొందిన కుక్క ఆరోగ్యముగనే యుండును. అట్టివి రెండు జతపడినచో కూనలలో కొన్నింటికి ప్రమాదము. దీనిని కనుగొనుటకు ఇప్పుడు జన్యుపరీక్షలు కలవు. కావున కూనను కొనువాడు దాని బొచ్చును చూచి మురియుటకు ముందు తల్లిదండ్రుల పరీక్షాపత్రములను అడుగవలెను.

వెండ్రుకలు అంతగా రాలవనియు, కుక్క సోకిన తుమ్ములు వచ్చువారికి గూడ ఇది సరిపడుననియు పలువురు దీనిని కోరుదురు. ఆ మాట సగమే నిజము. సరిపడని పదార్థములు కుక్క లాలాజలములోను, చర్మపు పొట్టులోను గూడ ఉండును. పైగా ఊడియు నేల రాలని వెండ్రుక ఎక్కడికి పోవును? ప్రక్క వెండ్రుకలలో చిక్కుకొనును. అందుచే రెండు మూడు దినముల కొకసారి చర్మము వరకు దువ్వవలెను. పైపైన దువ్విన కుక్క చక్కగానే కనబడును. అడుగున మాత్రము బొచ్చు జడలు కట్టి, చర్మమును లాగుచు, తడిని పట్టియుంచి పుండ్లు చేయును. తడిసిన చిక్కు మరింత బిగియును గనుక స్నానమునకు ముందే దానిని తీయవలెను. నెలకో రెండు నెలలకో కత్తిరింపు తప్పదు. పాదములను, చెవులను ముట్టనిచ్చుట కూనగా నున్నప్పుడే అలవాటు చేయవలెను. లేనిచో పెద్దదైన పిదప ఇద్దరు పట్టుకొన్నను నిలువదు.

ఇంతకంటె కష్టమైనది దాని బుద్ధికి పని కల్పించుట. దినమంతయు మనుష్యులతో కలసి పనిచేసిన కుక్కల సంతాన మిది. ఒంటరిగా కట్టివేసినచో తన పనిని తానే వెదకుకొనును: చెప్పు మాయమగును, దిండు చినుగును. దానిని దుష్టత్వమని కొట్టుట అన్యాయము. తాతలు వలత్రాటిని తెచ్చినట్లు మనుమడు మేజోడును తెచ్చుచున్నాడు, అంతియే. వస్తువుల పేర్లు నేర్పి, దాచి, వెదకి తెమ్మనినచో ఎంతో ఉత్సాహముతో తెచ్చును. దినమునకు రెండు పూటలు పరుగు, వీలైనప్పుడెల్ల ఈత దానికి కావలయును.

ఈత యనగా కూనను చెరువులోనికి విసరుట కాదు. ఎంత నీటికుక్క యైనను మొదట లోతులేని నీట యజమానితోపాటు దిగి నేర్వవలసినదే. బెదరిన కూన మరల నీటిదరికి రాకపోవచ్చును. సముద్రమున ఈదిన దినమున మంచినీటితో ఉప్పును కడిగివేయవలెను. పిదప చెవులు. అవి వ్రేలాడుచు, లోపల బొచ్చు కలిగియుండును. తడి ఆరక నిలిచినచో వ్యాధి పట్టును. కుక్క మాటిమాటికి తల విదలించుచున్నను, చెవి దుర్వాసన కొట్టుచున్నను పశువైద్యునకు చూపవలెను. ఒడ్డునకు వచ్చి, ఒడలు దులుపుకొని, మరల బంతి విసరుమని అది ఎదుట నిలిచినప్పుడు, ముందు మెత్తని పొడిగుడ్డతో రెండు చెవులను తుడిచి, ఆ పిమ్మటనే బంతి నందుకొనవలెను.